పసుపు గుర్తులు, ఆరుకాళ్ల ఎండ్రి

ముందే చెప్పేస్తాను: ఈ ప్రయాణం సుఖంగానే ముగిసింది. తిరిగొచ్చి వారం దాటింది. చీరాలలో నా బల్ల ముందు కూర్చుని రాస్తున్నా, మధ్యమధ్యలో కలం ఆపి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి, అడగకుండా దేన్నీ నమ్మవద్దని అరిచినవాణ్ణి నేను. అడగకుండా దేన్నీ కొట్టిపారెయ్యవద్దని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. పాలమూరులో మూడు రోజులు తిరిగాక ఆ రెండో మాట కూడా చెప్పవలసి వస్తోంది.

మన దేశపు నౌక చంద్రుడి దాకా వెళ్లిన కొన్ని నెలలకు, వనపర్తిలో పాఠాలు చెప్పే మిత్రుడి నుంచి ఉత్తరం వచ్చింది. డిప్లొమా ఆఖరి ఏడాది పిల్లలిద్దరు చంద్రుడి మీద మట్టి తవ్వే యంత్రం తయారుచేస్తున్నారు. దానికి చక్రాలు లేవు, కాళ్లతో నడుస్తుంది. ఇలాంటి యంత్రాలకు నాగర్‌కర్నూల్‌లో పోటీ పరీక్ష జరుగుతుంది. ‘నాకు పరీక్షల డ్యూటీ పడింది. నువ్వు వచ్చి చూసి నలుగురికీ తెలిసేలా రాయి’ అన్నాడు. గ్రహణాల మీద, రాహుకేతువుల మీద ఎన్ని సభల్లో పోట్లాడానో నాకే లెక్క తెలియదు. పల్లెటూరి పిల్లలు చంద్రుణ్ణి తవ్వడానికి బయలుదేరారంటే ఆగగలనా?

గద్వాల

రైలు దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. స్టేషను బయట ఎక్కిన ఆటో ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంది. నేను వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నాను.

డ్రైవరు నవ్వాడు. “ఏంది సారు, షర్బత్ జేస్కుంటరా?”

“ఇది చక్రం కింద నలిగితే ప్రమాదం తప్పుతుందా? బ్రేకులు చూపించుకున్నావా?”

“బ్రేకులు గూడ జూపిచ్చిన. నిమ్మకాయ గూడ వెట్టిన. రెండిట్ల ఏదో ఒకటి పనిజేస్తది. కూసోండ్రి.”

దారి పొడుగునా అతనికి కార్యకారణ సంబంధం గురించి చెప్పాను. దిగేటప్పుడు “మంచిగ జెప్తరు సారు” అన్నాడు. గెలిచాననుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే సీటు కింద నుంచి ఇంకో నిమ్మకాయ తీస్తున్నాడు.

ఇద్దరు విద్యార్థుల్లో ఒకడైన వీరేశం ఇల్లు గద్వాలలోనే, మగ్గాల వీధిలో. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక స్క్రూ వేళ్ల మధ్య తిప్పుతూ ఉంటాడు. వాళ్లమ్మ నాగమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నన్ను పలకరించింది. మాదీ నేత ఊరే. కానీ మా చీరాల మగ్గానికీ దీనికీ పోలిక లేదు. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ వేరువేరు దారాలు, వేరువేరు రంగులు. వాటిని మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలుపుతారు. ఎక్కడ కలిసిందో వేలితో తడిమినా తెలియదు.

ఆవిడ పక్కన సంచీలో ఆరు చిన్న మేజోళ్లు ఉన్నాయి. పసిపిల్లల కాళ్లవనుకున్నాను.

“గవి వీని ఎండ్రివి” అంది నాగమ్మ. ఎండ్రి అంటే వాళ్ల మాటలో ఎండ్రకాయ, ఆరుకాళ్ల యంత్రానికి పిల్లలు పెట్టుకున్న పేరు. “దుమ్ము కీళ్లల్లకు వోతుందంట. వారం రోజులు నా పాణం దీసిండు. నూలు అయితే కాలు ఆడుతది, అంచుకు పట్టు అయితే బిగ్గ పట్టుకుంటది అని నేనే జెప్పిన. గీ ఇంజనీరుకు గది తెల్వదు.”

“సాకమ్మా సాకు” అన్నాడు వీరేశం. ఇక చాలు అని. కన్నడ మాట. ఈ వీధిలో తెలుగూ కన్నడమూ ఆ చీరలాగే కలిసిపోయి ఉంటాయి.

తినడానికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించారు. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఈ పదార్థం మా వైపు దొరకదు. పొట్లం పది రూపాయలు. చెయ్యి చాచి రెండోది కూడా అందుకున్నాను. బజ్జీ కారానికి కళ్లలో నీళ్లు తిరిగితే నాగమ్మ కుండలో నీళ్లు ముంచి ఇస్తూ, “గుంటూరు దిక్కోళ్లకు గూడ కారం అయితదా!” అని ఆశ్చర్యపోయింది.

వనపర్తి

మర్నాడు పొద్దున వీరేశంతో కలిసి బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనిపించగానే సగం బస్సు కిటికీల్లోంచి నదిలోకి రూపాయి బిళ్లలు విసిరింది. నా పక్కనున్న పెద్దాయన నా చేతిలోనూ ఒక బిళ్ల పెట్టబోయాడు. నేను నదుల గురించి ప్రసంగం మొదలుపెట్టేసరికి వంతెన అయిపోయింది. ఆయన బిళ్ల జేబులో వేసుకుని, “మీ పుణ్యాన రూపాయి మిగిలింది” అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో చెన్నమ్మ కనిపించింది. యంత్రం ఆలోచన ఈ అమ్మాయిదే. ఊరు మల్దకల్ పక్కన. పొట్టిగా ఉంటుంది, మాట తక్కువ. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే రెప్ప వెయ్యకుండా వింటుంది. ఇలాంటి శ్రోత దొరికితే నాలాంటివాడు ఆగడు. అదే కొంప ముంచింది.

ఎండ్రిని బల్ల కింద నుంచి తీశారు. పీట అంత ఒళ్లు, ఆరు ఇనుప కాళ్లు, కారు అద్దాలు తుడిచే మోటార్లు, కడుపులో స్కూటరు బ్యాటరీ. ముందు గరిటెలాంటి చిన్న పార ఉంది. ప్రతి కాలి పక్కనా వెలుతురు తేడా పసిగట్టే చిన్న కన్ను. స్విచ్ వేయగానే మూడు కాళ్లు లేచాయి, మూడు ఆనాయి. గచ్చు మీద టకటకమంటూ నా వైపు వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వీరేశం పడీపడీ నవ్వాడు.

“చక్రాలు ఎందుకు వద్దనుకున్నారమ్మా?”

“చంద్రుని మీద మట్టి పిండి లెక్క ఉంటది సార్. తవ్వుకుంట పోతే చక్రం తను తవ్విన గుంతల తనే దిగవడ్తది. కాలైతే ఎక్కడ ఆనాల్నో చూస్కోవచ్చు. ఇంకో సంగతి గూడ ఉన్నది సార్, మా నాయిన...”

చంద్రుడి మాట వినగానే నేను అందుకున్నాను. గ్రహణం రోజున గర్భిణుల్ని చీకటి గదిలో పడుకోబెట్టడం దగ్గర మొదలై, గంటసేపు సాగింది నా ఉపన్యాసం. ‘మా నాయిన’ తర్వాతి మాట ఏమిటో నేను అడగలేదు. ఆమె మళ్లీ చెప్పలేదు.

టీ దగ్గర (మూడు రూపాయలు, అల్లం ధారాళంగా) వీరేశం అసలు సంగతి చెప్పాడు. చెన్నమ్మ తండ్రి తిమ్మప్ప మట్టి పని చేస్తాడు. కాలువలు, కట్టలు, పునాదులు, ఎక్కడ మట్టి తవ్వాలన్నా పాలమూరు కూలీలను పిలుస్తారు కదా. ఆ ముఠాల్లో ఒకదానిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. ఈసారి ముఠా బొంబాయి వైపు పోతోంది. రేపు నాలుగింటికి నాగర్‌కర్నూల్ నుంచే లారీ. మేస్త్రీ జాబితాలో చెన్నమ్మ పేరు కూడా ఉంది.

“చదువుతున్న పిల్ల పేరా?”

“వాళ్లమ్మకు నడుము వడ్డది సార్. ముఠాకు వండేటోళ్లు లేరు. రేపు పరీక్షల గెలిస్తే బెంగుళూరు క్యాంపుకు పంపుతరు, చెన్నమ్మ ఉంటది. గెల్వకపోతే లారీ ఎక్కుతది. వాళ్ల నాయిన మాటిచ్చిండు, ఈమె గూడ మాటిచ్చింది. మళ్ల కాలేజి అంటే...” వీరేశం మిగతా మాట టీతో పాటు మింగేశాడు.

సాయంత్రం నాగర్‌కర్నూల్ బస్సులో ఎండ్రి నా ఒళ్లోనే ప్రయాణం చేసింది. కండక్టరు దాన్ని ఎగాదిగా చూశాడు.

“దీనికి టికెట్ ఏం కొట్టాలె? పాణమున్నదా, లేనిదా?”

“రేపు తెలుస్తది అన్నా” అంది చెన్నమ్మ. ఆ మూడు రోజుల్లో ఆ పిల్ల వేసిన హాస్యం అదొక్కటే. కండక్టరు టికెట్ కొట్టకుండా ముందుకు పోయాడు.

నాగర్‌కర్నూల్

పరీక్ష ఒక కాలేజీ మైదానంలో. ఒక్కో జట్టుకు ఇటుకలు పేర్చి గట్టు కట్టిన ఒక్కో మడి ఇచ్చారు. అందులో మూరెడు మందాన కంకర మిల్లు దుమ్ము పోశారు. అడుగు వేస్తే మడమ దాకా దిగుతుంది. యంత్రం మడి ఈ చివర నుంచి ఆ చివరకు తవ్వుకుంటూ వెళ్లి, ఇచ్చిన డబ్బా నింపాలి. పరీక్షకు ముందు మడిలో యంత్రం చేత ఏం చేయించుకున్నా ఫరవాలేదు.

లాడ్జిలో నీళ్లు రాక నేను ఎనిమిదింటికి గానీ మైదానం చేరలేదు. అప్పటికే పిల్లల పని అయిపోయినట్టుంది, టిఫినుకు బయలుదేరుతున్నారు. వాళ్లతో తలపాగా చుట్టిన బక్కపలచని మనిషి ఉన్నాడు. తిమ్మప్ప. నాకు నమస్కారం పెట్టాడు. చెన్నమ్మ నా దగ్గరికి వచ్చింది.

“సార్, జర మడి చూస్తుండుండ్రి. ఎవ్వరు తొక్కకుండ. పది నిమిషాలల్ల వస్తం.”

మడి దగ్గరికి వెళ్లి చూస్తే నా ఒళ్లు మండింది. బూడిద రంగు దుమ్ములో రెండు వరసలుగా గుండ్రటి పసుపు బొట్లు. వరసకు తొమ్మిది. ప్రతి బొట్టు మధ్యలో కుంకుమ చుక్క. చంద్రుణ్ణి తవ్వే యంత్రానికి ముగ్గు, పసుపు, పూజ! కాసేపట్లో పరీక్ష చేసేవాళ్లు వస్తారు. హైదరాబాదు నుంచి వచ్చే ఇంజనీరు ఇది చూసి ఏమనుకుంటారు? ఈ పిల్ల బెంగుళూరు అవకాశం ఈ బొట్లతో మట్టిలో కలిసిపోదా? తిమ్మప్ప తలపాగా కూడా గుర్తొచ్చింది. ఇది తప్పకుండా ఆయన పనే అనుకున్నాను.

మంచి చేస్తున్నానన్న గట్టి నమ్మకంతో గట్టు పక్కనున్న చెక్క తీసుకుని, పద్దెనిమిది బొట్లనూ గీకి, దుమ్ము కలిపి, మడి అంతా చదును చేశాను. చేతులు దులుపుకున్నాను. కాపలా కాయమన్న మడి అది.

పది నిమిషాలకు వాళ్లు వచ్చారు. వీరేశం చేతిలో నా కోసం ఇడ్లీ పొట్లం. మడి చూసి వాడి చెయ్యి దానంతటదే కిందికి జారింది.

“ఎవడు తొక్కిండు సార్?”

“ఎవరూ తొక్కలేదు. నేనే చదును చేశాను. ఆ పసుపు కుంకాలు చూస్తే పరీక్షకులు...”

చెన్నమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. రెండు చేతులతో దుమ్ము తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడిచింది. అరిచినా బాగుండేది.

“గది పూజ కాదు సార్” అన్నాడు వీరేశం. “గవి ఎండ్రి అడుగులు. ముందుగాల అది బరువేస్కొని ఒక్కొక్క కాలు తొక్కుకుంట పోతది. తొక్కిన కాడ దుమ్ము గట్టివడ్తది. కాళ్లకు పసుపు మేజోళ్లు తొడిగినం, తొక్కిన కాడ గుర్తు పడ్తది. తర్వాత గా పసుపును కన్నుతోని చూస్కుంట, గుర్తుల మీదనే నిలవడి, నడిమిట్ల మట్టి తవ్వుతది. గుర్తులు లేకపోతే యాడ నిలవడ్తది?”

“మరి కుంకుమ?”

“అది నేను వెట్టిన సారు” అన్నాడు తిమ్మప్ప. “ఉత్త పసుపు బోసిగ ఉంటదని. మిషన్‌కు దాంతోని పనేం లేదు.”

అప్పుడు తెలిసింది వనపర్తిలో నేను మింగేసిన ‘మా నాయిన’ తర్వాతి మాట. మట్టి కూలీలు గుంత తవ్వేటప్పుడు మధ్యమధ్య చిన్న దిబ్బలు తవ్వకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్విందీ సాయంత్రం ఓవర్సీరు ఆ దిబ్బ ఎత్తు చూసి కొలుస్తాడు. ఎవరూ పైన మట్టి పోసి ఎత్తు పెంచలేదనడానికి గుర్తుగా దాని తల మీద పసుపో సున్నమో పూస్తారు. చెన్నమ్మ చిన్నతనమంతా ఆ గుంతల్లోనే గడిచింది. తవ్విన మట్టిలో కాలు దిగబడితే, దిబ్బ నుంచి దిబ్బకు దూకుతూ తండ్రికి నీళ్లు అందించేది. చంద్రుడి మీద నడిచే దారి ఆ పిల్లకు అక్కడ దొరికింది. నేనేమో దాన్ని చెక్కతో చదును చేశాను.

“మళ్లీ తొక్కించలేమా?” అన్నాను.

“బ్యాటరీల తవ్వుటానికే మిగిలింది. మళ్ల ఎక్కియ్యాలంటే కరెంటు లేదు. పన్నెండింటికి గాని రాదు” అన్నాడు వీరేశం. “మన వంతు పదకొండింటికి.”

తిమ్మప్ప మడి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

“బిడ్డా, నీ ఎండ్రి అడుగు ఎంత?”

“జానెడు మీద నాలుగు వేళ్లు.”

“ఎవని జానెడు?”

చెన్నమ్మ తలెత్తి చూసింది. “నీదే నాయినా. నాకు కొలత నేర్పిచ్చింది నువ్వే గద.”

ఆయన గట్టు మీద నుంచి వంగి, బొటనవేలు ఆనించి, చిటికెన వేలు చాచి, నాలుగు వేళ్లు కలిపి ఒక గీత పెట్టాడు. అక్కడ తన నీళ్ల చెంబు అడుగు ఆనించి, రెండు చేతులతో బరువు వేసి తిప్పి తిప్పి నొక్కాడు. మేజోడులో మిగిలిన పసుపు అద్దాడు. తర్వాత ఇంకొకటి. పద్దెనిమిదీ పెట్టేదాకా నడుము ఎత్తలేదు. వీరేశం టేపుతో కొలిచి చూశాడు. మళ్లీ కొలిచాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి కుంకుమ పెట్టలేదు. అది నాకు ఇంకా బాధ అనిపించింది.

పదకొండింటికి

పరీక్ష చేసినావిడ రిటైరైన ఇంజనీరు. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. అప్పటికి మూడు జట్ల చక్రాల బండ్లు చూసింది. మూడూ బాగా తవ్వాయి. మూడూ తాము తవ్విన గుంతలోనే ముక్కు గుచ్చి ఆగిపోయాయి.

“ఈ గుర్తులు యంత్రమే వేసిందా?” అని అడిగింది.

అవునంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. “లేదు మేడం” అంది చెన్నమ్మ. “పొద్దున మిషన్ వేసింది. అవి చెరిగిపోయినయ్. ఇవి మా నాయిన చేత్తోని వేసిండు.”

“ఎలా చెరిగిపోయాయి?”

ఆ పిల్ల నా వైపు చూడలేదు. నా పేరు చెప్పే ఉద్దేశం ఆమెకు లేదని అర్థమైంది. నేను ముందుకు వచ్చాను.

“నేను చెరిపానండి. పూజ అనుకున్నాను. అడగలేదు.”

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. “మీరు చేసే పని ఏమిటి?”

“మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను.”

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “సరే. తవ్వడం ఇప్పుడు చూస్తాను. తొక్కడం కరెంటు వచ్చాక ఒక మూల చేసి చూపించాలి. రెండూ చూశాకే నా మాట. మొదలుపెట్టండి.”

ఎండ్రి గట్టు దిగింది. మొదటి గుర్తు మీద కాలు ఆనింది, రెండోది ఆనింది. పార వంగి మధ్యలో దుమ్ము తీసి డబ్బాలో పోసింది. ముందుకు జరిగింది. ఐదో అడుగు దగ్గర ఎడమ కాలు గాలిలో ఆగిపోయింది. యంత్రం ఒక పక్కకు ఒరిగింది. వీరేశం నా మోచెయ్యి పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. కాలు కాస్త వెనక్కి వచ్చింది. కన్ను పసుపును వెతుక్కుంది. మెల్లగా ఆనింది. నిలబడింది.

వీరేశం నా మోచెయ్యి వదిలాడు.

ఆ చివరకు చేరేసరికి డబ్బా నిండింది. మడి మధ్యలో, చుట్టూ తవ్వేసిన గుంతలో, తలకు పసుపు పూసుకున్న పద్దెనిమిది చిన్న దిబ్బలు నిలబడి ఉన్నాయి. తవ్వకుండా వదిలిన ఆ కొంచెం నేల మీదే అది నడిచి వెళ్లింది.

కరెంటు పన్నెండింటికి రాలేదు. ఒంటిగంటన్నరకు వచ్చింది. ఆ గంటన్నరలో జొన్నరొట్టె, పుంటికూర తెప్పించారు. మా వైపు గోంగూర అంటాం, ఎక్కువగా పప్పులోనో పచ్చడిగానో అన్నంలో కలుపుకుంటాం. ఇక్కడ ఉల్లిగడ్డ నంజుకుని రొట్టెలో చుట్టి తింటారు. ఏం తిన్నానో తెలియకుండా తిన్నాను. బ్యాటరీ కాస్త ఎక్కాక ఎండ్రి మూలలో నాలుగు అడుగులు తొక్కి చూపించింది. ఇంజనీరమ్మ ఒక దిబ్బను పెన్సిలుతో పొడిచింది. పెన్సిలు దిగలేదు. బెంగుళూరు వెళ్లే రెండు జట్లలో మొదటి పేరు వీళ్లదే చదివింది.

నాలుగింటికి

లారీ మైదానం గేటు దగ్గరికే వచ్చింది. వెనక పారలు, తట్టలు, వంట గిన్నెలు, దుప్పట్ల మూటలు. మేస్త్రీ జాబితా తీసి, “చెన్నమ్మ?” అన్నాడు.

“రాదు” అన్నాడు తిమ్మప్ప.

“వండేటోళ్లు ఎవరే మరి?”

“నేను వండుత. మాడితే గమ్ముగ తినుండ్రి.”

లారీలోంచి నవ్వులు, ఈలలు. చెన్నమ్మ తండ్రి మూటను పైకి అందించింది. అప్పుడు మాత్రం ఏడ్చింది.

తిమ్మప్ప ఎక్కబోయి ఆగి, మళ్లీ మైదానంలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. క్షమాపణ చెబుదామని పొద్దుటి నుంచి మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. మడి పక్కన కూర్చుని, ఒక దిబ్బ అడుగున బొటనవేలు ఆనించి, దాని పసుపు తల దాకా చిటికెన వేలు చాచాడు.

“జానెడు” అన్నాడు. “ముప్పై ఏండ్లు తవ్విన సారు. ఎప్పుడు తవ్వినా ఇంకెవడో కొలిచిండు. గిది నా బిడ్డ తవ్వింది, నేను కొలుస్తున్న. మీకు రాసుడు వస్తది గద, రాసుకోండ్రి.”

లారీ హారను మోగింది. నేను నోట్‌బుక్కు తీశాను. ఆ నోట్‌బుక్కు నిండా గ్రహణాల మీద, నిమ్మకాయల మీద, నదిలో బిళ్లల మీద నేను ముందే తేల్చుకున్న మాటలున్నాయి. కొత్త పేజీ తిప్పాను.

“ఎవరి జానెడని రాయను?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “గిట్ల అడగాలె” అని, తన పేరు చెప్పి లారీ ఎక్కాడు.